పగడాల నీటిలోకి దిగే ముందు



ఈ మధ్య మన ఓ.పి.లో ఒక కొత్త ప్రశ్న వినబడుతున్నది. "అండమాన్ వెళ్తున్నామండీ, టిక్కెట్లు కూడా అయిపోయాయి. అక్కడ నీళ్లలోకి దించి చేపల్ని చూపిస్తారట. నాకు బి.పి. ఉంది. దిగొచ్చా?" ఎల్.టి.సి. మీద వెళ్లే ఉద్యోగులు అడుగుతున్నారు, పిల్లలు టిక్కెట్లు కొనిచ్చిన రిటైరైన తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఇంతకు ముందైతే మేము "జాగ్రత్తగా దిగండి" అని ఒక్క ముక్కలో చెప్పి పంపేసేవాళ్లము. ఇప్పుడు అలా చెప్పలేకపోతున్నాము. కారణం మా సొంత అనుభవమే. గత సంవత్సరం ఫిబ్రవరిలో మన ఆస్పత్రి సిబ్బందిలో ఏడుగురము కలిసి అండమాన్ వెళ్లాము. అక్కడ జరిగినదీ, దాని నుండి నేర్చుకున్నదీ ఈ నెల పాఠంగా వ్రాస్తున్నాము.

ముందుగా ఆ చోటు గురించి. పోర్ట్ బ్లెయిర్ పట్టణానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో వండూర్ అనే గ్రామం ఉంది. ఆ గ్రామం ఎదుట ఉన్న సముద్రాన్నీ, అందులోని 15 దీవులనూ కలిపి 1983లో మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కుగా ప్రకటించారు. విస్తీర్ణం 281 చదరపు కిలోమీటర్లకు పైమాటే. పర్యాటకులను ఏడాదిలో కొన్ని నెలలు జాలీబాయ్ దీవికీ, మిగతా నెలలు రెడ్‌స్కిన్ దీవికీ తీసుకువెళతారు. రెండు దీవులకూ వంతులవారీగా విశ్రాంతి అన్నమాట. అటవీశాఖ అనుమతి లేనిదే పడవ ఎక్కనివ్వరు. వాడి పారేసే ప్లాస్టిక్ ఏదీ దీవికి పోనివ్వరు. మా సిస్టర్లు దారిలో తినడానికని కొన్న చిప్సు ప్యాకెట్లన్నీ జెట్టీ దగ్గరే ఆగిపోయాయి. మొదట కొంచెం నొచ్చుకున్నాము గానీ, దీవి మీద ఒక్క కాగితం ముక్క కూడా లేకపోవడం చూశాక, మన రామకృష్ణా బీచి గుర్తుకు వచ్చి సిగ్గుపడ్డాము.

అక్కడ భాషకు ఇబ్బంది పడలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో 13 శాతం మందికి మాతృభాష తెలుగే. చాలామంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి చేపల వేటకు, పనులకు వెళ్లి స్థిరపడిన కుటుంబాలవారు. మా పడవ నడిపిన తమ్ముడు కూడా తెలుగువాడే. అతడే ఆ రోజు మాకు పెద్ద ఆసరా అయ్యాడు.

కయాక్ మీద రెండు గంటలు

జాలీబాయ్ కంటే ముందు స్వరాజ్ ద్వీప్ వెళ్లాము. 2018 వరకు దాని పేరు హేవ్‌లాక్. అక్కడ మడ అడవుల మధ్య కయాకింగ్ చేయిస్తారు. కయాక్ అంటే ఒకరో ఇద్దరో కూర్చుని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే సన్నని చిన్న పడవ. ఉత్తర ధ్రువం వైపున ఉండే ఇన్యూట్ ప్రజలు సీల్ జంతువు చర్మంతో వేటకు చేసుకున్న పడవ ఇది. ఇప్పుడు ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. కొల్లేటిలో తాటిదోనె నడిపినవారికి దీని పోకడ కొత్త కాదు: బరువు మధ్యలో ఉంచాలి, హఠాత్తుగా లేచి నిలబడకూడదు. కాకినాడ దగ్గర కోరింగ మడలు చూసినవారికి ఆ చెట్ల వేళ్లు కూడా పరిచితమే. నీళ్లు మాత్రం అద్దంలా ఉంటాయి. తెడ్డు ఆపితే పీతలు వేళ్ల మీద గీరుకుంటూ పోయే చప్పుడు వినబడుతుంది.

ఇందులో ఆరోగ్యానికి సంబంధించిన సంగతులు కొన్ని. తెడ్డును భుజాలతో లాగితే మర్నాడు చేయి లేవదు. నడుము పైభాగాన్ని తిప్పుతూ లాగాలి. మా ఫిజియోథెరపిస్టు చెప్పినా వినని ఇద్దరు మూడు రోజులు నూనె రాయించుకున్నారు. లైఫ్ జాకెట్ వేసుకున్నాక పక్కవారితో రెండు భుజాల దగ్గర పట్టి పైకి లాగించుకోండి. అది చెవుల దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టు. నీళ్లలో పడితే అది మీ తల మీదుగా జారిపోతుంది. పడవ బోల్తా కొడితే దాన్ని వదలి ఒడ్డుకు ఈదవద్దు, పట్టుకునే ఉండండి. తలక్రిందులైన పడవ కూడా తేలుతుంది, దూరం నుండి కనబడుతుంది కూడా.

షుగరుకు ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవారు తెడ్డు వేస్తుంటే షుగరు పడిపోవచ్చు. ఎండకు చెమట పట్టిందని అనుకుంటారు గానీ అది షుగరు తగ్గిన చెమట కావచ్చు. ఖాళీ కడుపుతో ఎక్కకండి. గ్లూకోజు పొడి గానీ బిస్కెట్లు గానీ నీరు చొరని సంచిలో దగ్గరే పెట్టుకోండి, హోటలు గదిలో కాదు.

మొసళ్ల మాట నవ్వులాటకు చెప్పేది కాదు. అండమాన్ మడలలో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. 2010లో ఇదే దీవి దగ్గర స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ పర్యాటకురాలు మొసలికి బలి అయ్యారు. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, సంధ్యవేళ, గైడు లేకుండా దిగవద్దు.

బాబాయిగారికి ఏమైంది?

ఇక అసలు సంగతి. మా ఫార్మసీలో ఒక పెద్దాయన ఉన్నారు. అందరమూ బాబాయిగారు అనే పిలుస్తాము. వయస్సు 61. కోనసీమ కాలువ గట్టు మీద పుట్టి పెరిగినవారు, చేపలాగా ఈదుతారు. జాలీబాయ్‌లో దిగే ముందు మా చిన్న సిస్టరు, "బాబాయ్, మీరు పైనుండే చూడండి, వద్దు" అన్నది. "నాకు ఈత నేర్పుతావా తల్లీ?" అని నవ్వి ఆయనే అందరికంటే ముందు దిగారు.

స్నార్కెలింగ్ అంటే ఏమిటో తెలియనివారికి: కళ్లకూ ముక్కుకూ కలిపి ఒక అద్దం కట్టుకుని, నోటిలో వంపు గొట్టం పెట్టుకుని, ముఖం నీళ్లలో ఉంచి బోర్లా తేలుతూ క్రింద ఉన్న పగడాలను చూడడం. ఈత రానివారికి ట్యూబు ఇచ్చి, గైడు దాన్ని లాక్కుంటూ తిప్పుతాడు. బాబాయిగారు ట్యూబు వద్దన్నారు.

పది నిమిషాలు కాలేదు, ఆయన అద్దం తీసేసి తల పైకెత్తారు. చేయి ఊపలేదు, కేక వేయలేదు. పక్కనే ఉన్న మాకు ఏమీ అర్థం కాలేదు. పడవ మీది తమ్ముడు మాత్రం "పెద్దాయనకి బాగోలేదు!" అని అరచి దూకాడు. పడవలోకి ఎక్కించేసరికి ఆయాసం, దగ్గు, లేత ఎరుపు నురుగు. "నీళ్లు మింగారా?" అని అడిగితే తల అడ్డంగా ఊపారు. పడుకోబెట్టబోతే ఊపిరాడక లేచి కూర్చున్నారు. అప్పటికి మా వృత్తి మాకు గుర్తుకొచ్చింది. కాళ్లు క్రిందికి వేలాడేలా కూర్చోబెట్టి, బిగుతుగా ఉన్న జాకెట్టు విప్పి, వెంటనే ఒడ్డుకు బయలుదేరాము. ఆక్సిజన్ లేదు. ఏడుగురు ఆస్పత్రి మనుషులము, ఒక్కరి సంచిలోనూ బి.పి. మిషను లేదు. అక్కడి నుండి ఆస్పత్రి చేరడానికి రెండు గంటలు పట్టింది. ఆక్సిజన్ శాతం 84. బి.పి. 200 మీద 110. ఊపిరితిత్తులలో నీరు చేరింది. సముద్రపు నీరు కాదు, ఆయన సొంత రక్తం నుండి ఊరిన నీరు.

ఆక్సిజన్, ఇంజెక్షన్లతో రాత్రికి తేరుకున్నారు. మర్నాడు నెమ్మదిగా నిజం చెప్పారు. ఆయనకు ఆరేళ్లుగా బి.పి. ఉంది. రోజూ వేసుకునే మాత్ర మూత్రం ఎక్కువగా పోయే రకం. పడవలో బాత్‌రూము ఉండదేమోనని రెండు రోజులుగా వేసుకోలేదు. దిగే ముందు ఇచ్చిన కాగితంలో "నాకు ఏ జబ్బూ లేదు" అన్న వాక్యం క్రింద చదవకుండానే సంతకం చేశారు. రోజుకు వందమందికి మాత్రలిచ్చి "మానకండి" అని చెప్పే మనిషి ఆయన. రోజుకు వందమందికి బి.పి. చూసే మేము ఆయనను ఒక్కసారి కూడా అడగలేదు. తప్పు ఆయన ఒక్కరిదీ అని మేము అనుకోవడం లేదు.

తేలికగా తేలుతున్నట్టే ఉంటుంది

స్నార్కెలింగ్ చూడడానికి విశ్రాంతిలా ఉంటుంది. గుండెకు మాత్రం అది పనే. మెడ దాకా నీళ్లలో ఉన్నప్పుడు నీటి ఒత్తిడికి కాళ్లలో, కడుపులో ఉండే రక్తం అర లీటరుకు పైగా ఛాతీలోకి వస్తుంది. (నీళ్లలోకి దిగగానే చాలామందికి మూత్రం వచ్చినట్టు అనిపించేది అందుకే. ఒంట్లో నీరు ఎక్కువైందని శరీరం పొరబడుతుంది.) ఆరోగ్యమైన గుండె ఈ అదనపు రక్తాన్ని సర్దుకుంటుంది. ఏళ్ల తరబడి బి.పి. వల్ల దళసరెక్కి బిరుసైన గుండె సర్దుకోలేదు. ఆ ఒత్తిడి వెనక్కి ఊపిరితిత్తుల మీద పడుతుంది.

దానికి తోడు గొట్టం. మనం మామూలుగా పీల్చే ఊపిరి సుమారు 500 మిల్లీలీటర్లు. అందులో దాదాపు 150 మిల్లీలీటర్లు శ్వాసనాళాలలోనే ఉండిపోతుంది, గాలి తిత్తుల దాకా చేరదు. గొట్టం పెట్టుకుంటే మరో 150 వరకు అందులో నిలిచిపోతుంది. కంగారుగా చిన్న చిన్న ఊపిరులు తీస్తే మనం వదిలిన పాత గాలినే మళ్లీ పీలుస్తూ ఉంటాము. గొట్టం సన్ననిదైతే గట్టిగా లాగి పీల్చవలసి వస్తుంది. ఆ లాగుడుకు రక్తనాళాలలోని నీరు ఊపిరితిత్తులలోకి ఊరే అవకాశం పెరుగుతుంది.

అమెరికాలోని హవాయి దీవులలో స్నార్కెలింగ్ చేస్తూ పర్యాటకులు చనిపోవడం ఎక్కువై, అక్కడివారు దీనిపై ప్రత్యేకంగా అధ్యయనం చేయించారు. 2021లో నివేదిక వచ్చింది. నీళ్లు మింగడం వల్ల కాక, ఇలా ఊపిరితిత్తులలో వేగంగా నీరు ఊరి, ఆక్సిజన్ పడిపోవడం వల్లే చాలా ప్రమాదాలు జరిగి ఉండవచ్చని వారు భావించారు. కాళ్లు నేలకు ఆనే లోతులో కూడా ఇలా జరిగిందట. ఈత వచ్చా రాదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. బాబాయిగారే సాక్ష్యం.

మరి ఎవరు దిగవచ్చు, ఎవరు దిగకూడదు?

మందులతో బి.పి. అదుపులో ఉండి, రెండంతస్తులు ఆగకుండా మెట్లెక్కగలిగి, ఛాతీ నొప్పి గానీ ఆయాసం గానీ లేనివారిని మేము ఆపము. అయితే డాక్టరుగారికి ఒకసారి చూపించుకుని, మాత్ర మానకుండా, జాకెట్టు వేసుకుని దిగండి. గుండె ఆగిపోయే ముప్పుందని చెప్పించుకున్నవారు, గుండె పంపింగు తగ్గినవారు, ఈ మధ్య స్టెంటు వేయించుకున్నవారు, పడుకుంటే ఆయాసం వచ్చేవారు దిగవద్దు. మూర్ఛ ఉన్నవారు మందులు వాడుతున్నా స్నార్కెలింగ్‌కు వెళ్లవద్దు. ముఖం నీటిలో ఉండగా ఫిట్స్ వస్తే పక్కవారికి తెలిసే దారి లేదు. ఉబ్బసం ఉన్నవారు పిల్లికూతలు లేని రోజున మాత్రమే దిగాలి. జలుబు, చెవిలో చీము ఉన్నవారు దిగితే చెవినొప్పితో ఇల్లు చేరతారు. గర్భిణీలు ముందుగా తమ డాక్టరుగారిని అడగాలి.

పడవలో వాంతులు రాకుండా వేసుకునే మాత్రలలో చాలా వాటికి నిద్ర వస్తుంది. అవి వేసుకుని మత్తుగా ఉన్నప్పుడు దిగవద్దు. మద్యం సంగతి చెప్పనవసరం లేదనుకున్నాము గానీ, అక్కడ చూశాక చెప్పవలసి వస్తోంది: తాగినవారిని పడవే ఎక్కించుకోకూడదు.

యువకులకు ఒక ముక్క. నీటి అడుగుకు మునిగే ముందు గబగబా పదిసార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదిలితే ఎక్కువసేపు ఉండగలమని కొందరు అనుకుంటారు. ఊపిరి తీసుకోవాలన్న ఆరాటం పుట్టించేది ఒంట్లో పెరిగే బొగ్గుపులుసు వాయువు. దాన్ని ముందే ఊదేస్తే ఆరాటం రాకుండానే ఆక్సిజన్ అయిపోయి, నీటిలోనే స్పృహ తప్పుతుంది.

నీళ్లలో ఉండగా కారణం లేకుండా ఆయాసం, దగ్గు, కాళ్లూ చేతులూ నీరసం అనిపిస్తే అదే గుర్తు. ఇంకొంచెం చూద్దామని ఆగవద్దు. గొట్టం తీసేసి, వెల్లకిలా తిరిగి, చేయెత్తి పిలవండి. ఒడ్డుకు రాగానే కూర్చోబెట్టాలి గాని పడుకోబెట్టకూడదు.

ఇందులో ఇంకొక చిక్కుంది. బాగా స్నార్కెలింగ్ చేస్తున్న మనిషీ, స్పృహ తప్పిన మనిషీ పడవ మీద నుండి చూస్తే ఒకేలా కనబడతారు. ఇద్దరూ బోర్లా, కదలకుండా తేలుతుంటారు. అందుకని జంటగా దిగండి. రెండు మూడు నిమిషాలకొకసారి ఒకరినొకరు తాకి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించుకోండి. జవాబు రాకపోతే అప్పుడే లేపండి. మునిగిపోయేవాడు సినిమాలో లాగా కేకలు వేయడు. నోరు నీటి మట్టానికి చేరాక ఊపిరికే సమయం చాలదు, కేక ఎక్కడ? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో చాలామంది సముద్రంలో కాదు, మన ఊళ్లలో ఉన్నటువంటి చెరువుల్లో, కాలువల్లో, బావుల్లో పోయినవారే. అందుకే ఈ తర్వాతి సంగతి అండమాన్ వెళ్లనివారు కూడా చదవాలి.

మునిగినవారిని బయటకు తీశాక మన పల్లెల్లో తలక్రిందులుగా వేలాడదీసి తిప్పుతారు, కడుపు నొక్కి నీళ్లు కక్కిస్తారు. అది వద్దు. కడుపులోని నీళ్లు బయటికొచ్చి ఊపిరితిత్తులలోకి పోతాయి, విలువైన నిమిషాలు కూడా పోతాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి రెండుసార్లు ఊదండి. తరువాత ఛాతీ మధ్యన రెండు అరచేతులతో 30 సార్లు, నిమిషానికి 100 నుండి 120 వేగంతో, రెండు అంగుళాల లోతు దిగేలా నొక్కండి. మళ్లీ రెండు ఊదండి. సహాయం వచ్చేదాకా ఆపవద్దు. ఈలోగా ఇంకొకరు 112కు ఫోను చేయాలి. ఈత రానివారు కాపాడబోయి తామూ మునిగిపోవద్దు. తాడు, చీర, వెదురు, ఖాళీ క్యాను, ఏది దొరికితే అది విసరండి.

పగడం రాయి కాదు

కంగారుపడినవారు మొదట చేసే పని క్రింద ఉన్నదాని మీద నిలబడడం. అక్కడ క్రింద ఉన్నది పగడం. చూడడానికి రాయిలా ఉంటుంది గానీ, వేల చిన్న జీవులు పక్కపక్కనే కట్టుకున్న ఇల్లు అది. వాటి ఒంటిలో సన్నని నాచు కాపురముండి ఆహారం తయారుచేసి పెడుతుంది. సముద్రం మామూలు కంటే వేడెక్కితే ఆ నాచు వెళ్లిపోయి పగడం తెల్లబడుతుంది. 2010 వేసవిలో అండమాన్‌లో అలా పెద్ద ఎత్తున తెల్లబడి చాలా పగడాలు చనిపోయాయి. బండలా పెరిగే రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు దగ్గరగా మాత్రమే పెరుగుతాయి. ఒక్క పాదం ఎన్నేళ్ల పెరుగుదలను విరుస్తుందో లెక్క వేసుకోండి.

నష్టం రెండు వైపులా. పగడం గీరితే గాయం చిన్నదే అయినా తొందరగా మానదు. వెంటనే సబ్బుతో, మంచినీళ్లతో బాగా కడిగి, ముక్కలేమైనా ఉంటే తీసేయాలి. టి.టి. ఇంజెక్షను ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోవాలి. షుగరు, కాలేయ జబ్బు ఉన్నవారికి సముద్రపు సూక్ష్మజీవులతో గాయం ఒక్క రోజులో విషమించవచ్చు. ఎరుపెక్కి, వాచి, జ్వరం వస్తే మన ఊరు వచ్చేదాకా ఆగవద్దు. పాదాలు తిమ్మిరెక్కిన షుగరు రోగులు చెప్పులు లేకుండా ఆ ఇసుకలో ఒక్క అడుగు కూడా వేయకూడదు.

జెల్లీచేప కుడితే రుద్దవద్దు, మంచినీళ్లు పోయవద్దు. పెట్టె ఆకారపు జెల్లీచేపైతే వెనిగరు అర నిమిషం పోసి, తరువాత తీగలను పట్టకారుతో తీయాలి. ముళ్ల చేపలు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఆ కాలో చేయో ఉంచితే నొప్పి తగ్గుతుంది. ముందుగా వేరొకరు చేయి పెట్టి నీటి వేడి చూడాలి. ఎండకు క్రీములు పూసుకోవడం కంటే పొడుగు చేతుల బట్టలు వేసుకోండి. క్రీములలోని కొన్ని రసాయనాలు పగడాలకు హాని చేస్తాయన్న అనుమానంతో హవాయిలో 2021 నుండి వాటి అమ్మకం ఆపేశారు.

దిగకూడదన్నవారు నిరాశపడవద్దు. జాలీబాయ్ దగ్గర అడుగున అద్దం బిగించిన పడవలున్నాయి. మా లేబొరేటరీ అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, నీళ్లంటే భయం. ఆవిడ అద్దం పడవలోనే కూర్చుని, తడవకుండా, మాకంటే ఎక్కువ చేపలనూ, నీలం పెదవులున్న పెద్ద ఆల్చిప్పనూ చూసి వచ్చారు.

బాబాయిగారికి ఇక్కడికి వచ్చాక ఎకో తీయించాము. గుండె గోడ దళసరెక్కింది, పంపింగు బాగానే ఉంది. మందు మార్చారు. "మళ్లీ వెళ్తే దిగొచ్చా?" అని ఆయన డాక్టరుగారిని అడిగారు. "కయాక్ ఎక్కండి, జాకెట్టు వేసుకుని. గొట్టం మాత్రం వద్దు" అన్నారు డాక్టరుగారు. ఇప్పుడు ఫార్మసీ కిటికీ దగ్గర ఎవరైనా టూరు వెళ్తున్నామంటే ఆయన మాత్రలు వెంటనే ఇవ్వరు. వెళ్లేది ఎన్ని రోజులో అడిగి, దానికి మరో మూడు రోజులవి కలిపి లెక్కపెట్టి, "పడవ ఎక్కే రోజున కూడా వేసుకోవాలి, తెలిసిందా?" అని చెప్పి అప్పుడు ఇస్తున్నారు.